నీ ఇన్‌స్పెక్టర్ మరీ ఎక్కువ మాట్లాడాడు

బాబూ,

నీ కథ రాత్రి పడుకునే ముందు చదివాను. పొద్దున్నే లేచి మళ్లీ చదివాను. కోపం తగ్గలేదు. అందుకే ఆలస్యం చేయకుండా రాస్తున్నాను.

అల్లిపురంలో మేడ మీద వాటా. కేబుల్ బిల్లు వసూలుకొచ్చిన కుర్రాణ్ని లోపలికి లాగి తలుపేసుకున్న మనిషి. తను మనసులో అనుకున్నదల్లా ఆ వైరు గుండా ఊరందరి టీవీల్లోకి వెళ్లిపోతోందని అతని నమ్మకం. ఇంతవరకూ బాగా పట్టుకున్నావు. కుర్రాడికి దాహమేస్తే, కత్తి కింద పెట్టకుండానే రెండో చేత్తో మంచినీళ్లు అందించాడు చూడు, అక్కడ నాకు గుండె పట్టేసింది.

ఆ తర్వాత ఇన్‌స్పెక్టర్ని దింపావు. ఆయన తలుపు దగ్గర నిలబడి పేజీన్నర ఉపన్యాసం ఇచ్చాడు. తల్లి ప్రేమ, సమాజం, జీవితం విలువ, అన్నీ వచ్చాయి. మధ్యలో "వీధిలో వైర్లన్నీ కోయించేశాను" అని ఒక అబద్ధం. ఆవల మనిషి భోరున ఏడ్చి కత్తి పడేశాడు. ఎలా పడేశాడు? నెలల తరబడి నిద్రలేకుండా కట్టుకున్న నమ్మకం ఒక ఉపన్యాసానికి కూలిపోతుందా?

వాదించి ఎవరి భ్రమనీ పోగొట్టలేం. నా మాటగా ఇదొక్కటి గుర్తుంచుకో. "అలాంటిదేం లేదు" అన్న ప్రతివాడూ అతని లెక్కలో శత్రువుల వైపు చేరిపోతాడు. "అవును, నాకూ వినబడుతోంది" అంటే అది ఇంకా ప్రమాదం. ఆ అబద్ధం బయటపడిన క్షణాన లోపలున్న కుర్రాడి ప్రాణానికి పూచీ ఉండదు. మరేం అనాలి? "నాకైతే ఆ వైరులోంచి ఏమీ వినబడటం లేదు. కానీ నువ్వు బాగా భయపడుతున్నావని తెలుస్తోంది. ఎప్పట్నుంచి ఇలా ఉంది?" ఇంతే. నమ్మకం జోలికి వెళ్లకుండా భయంతో మాట్లాడాలి. భయం మాత్రం నిజమే కదా.

1972లో మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలుగా చిక్కిన ఇజ్రాయెల్ క్రీడాకారుల ప్రాణాలు పోయాక, ఇలాంటప్పుడు ఏం చేయాలా అని న్యూయార్క్ పోలీసులు ఆలోచనలో పడ్డారు. హార్వీ ష్లోస్‌బర్గ్ అనే డిటెక్టివ్, ఆయన మనస్తత్వశాస్త్రంలో డాక్టరేట్ చేసినవాడు, ఫ్రాంక్ బోల్జ్ అనే అధికారితో కలిసి 1973లో మాట్లాడి విడిపించే బృందాన్ని తయారుచేశాడు. ఆ బృందం నినాదం "నాతో మాట్లాడు". నా మాట విను అని కాదు. నీ ఇన్‌స్పెక్టర్ మొదటి వాక్యమే "నా మాట విను". అక్కడే దారి తప్పావు.

వాళ్లు పాటించే ఇంకో పద్ధతి నీ కథకి పనికొస్తుంది. మాట్లాడేవాడి చేతిలో నిర్ణయం ఉండదు, నిర్ణయించేవాడు మాట్లాడడు. అప్పుడు "పైవాళ్లని అడిగి చెప్తాను" అని నిజాయితీగానే టైమ్ తీసుకోవచ్చు. గంటలు గడిచేకొద్దీ ఆవేశం దిగుతుంది, ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. నువ్వేమో కథంతా పావుగంటలో తేల్చేశావు. ఏడుస్తున్న తల్లిని వెంటనే ఫోన్లో కలిపావు. అనుభవమున్న వాళ్లు అంత తొందరపడరు. గొడవకి మూలం ఆ ఇంట్లోనే ఉందేమో ముందు కనుక్కుంటారు.

2013 ఆగస్టు 20న అమెరికాలో, జార్జియా రాష్ట్రం డెకటర్‌లో ఒక బడిలోకి తుపాకీతో ఒక కుర్రాడు వచ్చాడు. మానసిక జబ్బుకి వాడే మందులు వేసుకోవడం మానేసిన కుర్రాడు. ఆఫీసులో లెక్కలు రాసుకునే ఆంటొనెట్ టఫ్ అనే ఆవిడ అతనితో మాట్లాడింది. భర్త తనను వదిలి వెళ్లిపోయిన సంగతి చెప్పింది, తనూ చచ్చిపోదామనుకున్నానని చెప్పింది. పోలీసులతో ఫోన్ నడుస్తుండగానే ఇదంతా జరిగింది కాబట్టి రికార్డయింది. చివరికి అతను తుపాకీ పక్కన పెట్టి లొంగిపోయాడు. బడిలో ఒక్కరికీ గాయం కాలేదు. ఆవిడ నీతులు చెప్పలేదు బాబూ, తన కష్టం చెప్పుకుంది.

మన ఊళ్లోనే నేను కళ్లారా చూసింది చెప్తాను. అప్పట్లో పాత పోస్టాఫీసు దగ్గర అద్దెకుండేవాళ్లం. కింది వాటాలో ఒకతను, పోర్టులో పని. కుళాయి నీళ్లలో విషం కలుపుతున్నారని నమ్మి, అక్క కూతుర్ని గదిలో పెట్టుకుని గడియ వేసుకున్నాడు. పిల్లని కాపాడుతున్నాననే అతని ఉద్దేశం. వీధివీధంతా కిటికీ దగ్గర చేరి విషం లేదు, విషం లేదు అని అరిచింది. ఒకాయన గ్లాసుడు కుళాయి నీళ్లు ఎదురుగా తాగి చూపించాడు. "నీకు ముందే విరుగుడు ఇచ్చేశార్రా" అన్నాడతను.

వాళ్లక్క వచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఏటయిందిరా? నిద్దరోయి ఎన్నాళ్లయింది?" అంది. చాలాసేపు జవాబు లేదు. ఆవిడ కదల్లేదు. తర్వాత అతనే మొదలెట్టాడు. ఆవిడ మధ్యలో అడ్డు తగల్లేదు, ఊఁ కొడుతూ కూర్చుంది. చీకటి పడుతుండగా "పిల్లకి దాహమేస్తాది, ఏటి తెమ్మంటావో నువ్వే చెప్పు" అంది. కొట్టని కొబ్బరిబోండాం అయితే ఫర్వాలేదన్నాడు. "కత్తి లోపలికివ్వను. పిల్లని గుమ్మంలోకి పంపు, నీ ఎదురుగానే కొట్టి తాగిస్తాను" అంది. అలాగే చేసింది. పిల్లని చటుక్కున లాక్కోలేదు. అతను తలూపాకే ఒళ్లోకి తీసుకుంది. కాసేపటికి అతనూ బయటికొచ్చి బోండాం అడిగాడు. మర్నాడు చినవాల్తేరు మానసిక ఆసుపత్రికి అక్కతోపాటే వెళ్లాడు.

దీన్ని కథగా రాసి ఒక వారపత్రికకి పంపాను. ఆ సంపాదకుడు గుమ్మంలో కూర్చున్న భాగమంతా "సాగుతోంది" అని కోసేసి, అక్క నోట ఒక ఉపన్యాసం పెట్టి, చివర తన సొంత మెరుపు వాక్యం తగిలించి అచ్చేశాడు. ఆ కథని నేను ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఆయన పత్రికకి మళ్లీ రాయలేదు. ఇప్పుడు పండగ పోటీల పేరుతో అదే రోగం ముదిరింది. ఆఖరి పేరాలో కన్నీళ్లుంటేనే బహుమతి. నీ కథ ఆ పోటీ కొలతలకి కుట్టినట్టుంది. నాకు బాధ కలిగింది అందుకే, ఎందుకంటే మంచినీళ్లు అందించిన ఆ చెయ్యిని రాయగలిగినవాడికి ఆ కొలతలతో పనిలేదు.

నువ్వడిగిన కలం పేరు సంగతి, ఏ పత్రికకి పంపాలన్న సంగతి ఇప్పుడొద్దు.

ఉపన్యాసం మొత్తం కొట్టెయ్. వైర్లు కోయించానన్న అబద్ధం తీసెయ్. ఇన్‌స్పెక్టర్ బదులు కుర్రాడే మాట్లాడితే ఎలా ఉంటుందో చూడు. గదిలో ఉన్నది అతనే, నీళ్లు అందుకున్నదీ అతనే. తిరగరాశాక పంపు. ప్రింటు తీసి పోస్టులో పంపితే అంచుల్లో గుర్తులు పెట్టి పంపిస్తాను.

ఆశీస్సులతో,
విశాఖపట్నం