అమెరికా పొలాల్లో జర్మన్ యుద్ధఖైదీలతో వెట్టి చేయించారా?

రెండో ప్రపంచ యుద్ధకాలం గురించి అడిగారు కాబట్టి సూటిగా చెప్తాను: అది వెట్టి కాదు. రైతుకు చవగ్గా పడిందన్న మాటా తప్పే. ఆ ప్రాంతంలో నడిచే కూలి రేటు ఎంతో అంతా రైతు ప్రభుత్వానికి కట్టాలి. అందులో ఖైదీకి రోజుకు 80 సెంట్లు. అదీ నగదు కాదు, శిబిరం కొట్లో మాత్రమే చెల్లే కూపన్లు. చేతిలో డాలర్లుంటే పారిపోతారని భయం. పైగా స్థానికంగా కూలీలు దొరకడం లేదని వ్యవసాయాధికారి రాసిచ్చాకే సైన్యం మనుషుల్ని పంపేది. యుద్ధఖైదీలను ఎలా చూడాలో చెప్పే 1929 జెనీవా ఒప్పందం ప్రకారం ఆఫీసర్లను బలవంతంగా పనికి పెట్టకూడదు. సార్జెంట్లు తమంతట తాము అడిగితే తప్ప పనివాళ్ల మీద అజమాయిషీ మాత్రమే చేయాలి.

అలాగని హాయిగా గడిపారనుకోకండి. చక్కెర తీసే బీట్ దుంప (షుగర్ బీట్) పొలమే చూడండి. అప్పటి విత్తనం ఒక్కో గింజకు మూడు నాలుగు మొలకలు వేసేది. పొట్టి కర్ర పారతో, నడుం వంచి, సుమారు అడుగుకొక్క మొక్క ఉంచి మిగతా ఒత్తంతా తీసేయాలి. జంట మొక్క వదిలేస్తే రెండు దుంపలూ ఊరవు. ఆలస్యమైతే వేళ్లు పెనవేసుకుని, ఒకటి పీకితే రెండోదీ లేచొస్తుంది. పట్నంలో పెరిగిన కుర్రాడికి ఈ పని రోజుల్లో పట్టుబడదు. పత్తి ఏరడంలోనూ అంతే, అలవాటున్న కూలీల లెక్కను చాలామంది అందుకోలేకపోయారు.

ఈ శిబిరాల మాటెత్తితే చాలు, అందరూ అయోవాలోని అల్గోనాలో ఖైదీలు చేసిన క్రిస్మస్ బొమ్మల కొలువు ఫోటోలే పెడతారు. యూటాలోని సలైనా పేరు ఎందుకు ఎత్తరో! దుంప పనికి తెచ్చిన ఖైదీలను అక్కడ గుడారాల్లో ఉంచారు. 1945 జూలై 8, అర్ధరాత్రి దాటింది. జర్మనీ లొంగిపోయి అప్పటికే రెండు నెలలు. కాపలా సైనికుడొకడు టవరెక్కి, నిద్రపోతున్న వాళ్ల గుడారాల మీద మెషిన్‌గన్ పేల్చాడు. తొమ్మిది మంది చనిపోయారు. అతనికి మతి చలించిందని తేల్చి ఆసుపత్రికి పంపారు. ఆ తొమ్మిది మంది సాల్ట్ లేక్ సిటీలోని ఫోర్ట్ డగ్లస్ శ్మశానంలో ఉన్నారు.

వెట్టి అన్న మాట వాడాలంటే ఆ తర్వాత జరిగినదానికి వాడండి. 1946లో ఇంటికేనని ఓడెక్కినవాళ్లలో చాలామందిని బ్రిటన్‌కో ఫ్రాన్స్‌కో అప్పగించారు. యుద్ధం ముగిశాక కూడా అక్కడ మళ్లీ పొలం పనులు, గని పనులు చేయించారు.