ఫ్రీ ఏజెంట్ రేటు ఎలా తేలుతుంది?

ప్రశ్న: అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో కాంట్రాక్టు ముగిసిన ఆటగాడికి (ఫ్రీ ఏజెంట్‌కి) ఎంత పలుకుతుందో ముందే అంచనా వేయొచ్చా? సగటు పాయింట్లు చూస్తే సరిపోదా?

జవాబు: సరిపోదండీ. ముందు ఏ జట్టు శాలరీ క్యాప్‌లో (అంటే ఆటగాళ్ల మొత్తం జీతాలకు లీగ్ పెట్టిన పరిమితిలో) ఖాళీ ఉందో చూడండి, పాయింట్ల సంగతి తర్వాత.

2023లో డెన్వర్ నగెట్స్ టైటిల్ గెలిచినప్పుడు బ్రూస్ బ్రౌన్ బెంచ్ నుంచి వచ్చి అదరగొట్టాడు, జట్టుకీ అతణ్ని వదులుకోవాలని లేదు, కానీ అక్కడ ఆడింది ఒక్క సీజనే కావడంతో క్యాప్ దాటేసిన డెన్వర్ రూల్ ప్రకారం పాత జీతం మీద 20 శాతానికి మించి పెంచే వీలు లేకపోయింది, అంటే మొదటి ఏడాదికి దాదాపు 7.8 మిలియన్ డాలర్లు. ఖాళీ ఉన్న ఇండియానా పేసర్స్ ఏమో రెండేళ్లకు 45 మిలియన్లు చేతిలో పెట్టింది. ఎవరు మాత్రం ఆగుతారు! (రెండో ఏడాది ఉంచుకోవాలా వద్దా అన్నది మాత్రం జట్టు ఇష్టం, అదీ గమనించాలి.) అదే ఒకే జట్టులో మూడు సీజన్లు ఆడి ఉంటే, బర్డ్ రైట్స్ అనే రూల్ కింద క్యాప్ దాటి మరీ నిలుపుకోవచ్చు.

రిస్ట్రిక్టెడ్ ఫ్రీ ఏజెంట్లది ఇంకో టెన్షన్. పాత జట్టు బయటి ఆఫర్‌ను మ్యాచ్ చేస్తే, అంటే అంతే మొత్తం తనూ ఇస్తానంటే, కదలడానికి లేదు. 2022లో డియాండ్రే ఏటన్‌కు ఇండియానా నాలుగేళ్లకు సుమారు 133 మిలియన్లు ఆఫర్ చేసినా, పాత జట్టు ఫీనిక్స్ మ్యాచ్ చేయడంతో అతను అక్కడే ఉండిపోయాడు. ఇలా అవుతుందనే చాలా జట్లు అసలు ఆఫరే ఇవ్వవు.

వయసు, గాయాలు సరేసరి. నన్నడిగితే, ప్లేఆఫ్స్ చివరి నిమిషాల్లో కోచ్ అతణ్ని కోర్టులో ఉంచాడా, లేదా అన్నది చూస్తాను.