ఎముకలకు శల్యపరీక్షా?

ప్రశ్న: ‘తవ్వకాల్లో బయటపడిన ఎముకలకు శల్యపరీక్ష చేసి, చరిత్రపూర్వ మానవుల ఆహారపు అలవాట్లను తేల్చారు’ అని ఒక పత్రికలో చదివాను. శల్యమంటే ఎముకే కదా! ఎముకలకు ఎముకల పరీక్ష ఏమిటి? ఇది పునరుక్తి కాదా? ఈ మాట భారతంలోని శల్యుడి వల్ల వచ్చిందని మా బావగారి వాదన. ఇలా దొరికిన ఎముకలను అస్థికలు అనవచ్చా?
– ఒక పాఠకుడు, కావలి

సమాధానం: ముందు బావగారి సంగతి. మద్రరాజు శల్యుడి పేరు మీద మనకు మిగిలిన జాతీయం శల్యసారథ్యం. కర్ణుడి రథం తోలుతూ అడుగడుగునా అతని ఉత్సాహం మీద నీళ్ళు చల్లిన పెద్దమనిషి ఆయన. కర్ణపర్వాన్నీ శల్యపర్వాన్నీ తెలుగు చేసిన తిక్కన నెల్లూరిలో మనుమసిద్ధి కొలువులోని వాడు కనుక, జిల్లా అభిమానం కొద్దీ బావగారు శల్యుణ్ణి వెనకేసుకు వస్తున్నారేమో. పరీక్షతో మాత్రం ఆయనకు ఏ సంబంధమూ లేదు.

ఇక శల్యం. సంస్కృతంలో దీని అసలు అర్థం ఎముక కాదు, బాణపు ములికి. అక్కడినుంచి ఒంట్లో దిగబడి బాధపెట్టేది ఏదైనా శల్యమైంది. దాన్ని పైకి తీసే విద్య శల్యతంత్రం. సుశ్రుతుడు శస్త్రచికిత్సకు వాడిన మాట అదే. ఒంట్లో దిగబడినదాన్ని అన్నట్టే ఇంటిస్థలంలో పూడిపోయినదాన్నీ శల్యమే అన్నారు. వరాహమిహిరుడి బృహత్సంహితలో, వాస్తు చెప్పేచోట, ఒక ముచ్చటైన సంగతి ఉంది. ఇంటి యజమాని తన ఒంటి మీద ఎక్కడ గోక్కుంటాడో వాస్తుపురుషుడి ఒంటి మీద సరిగ్గా అక్కడే శల్యం ఉన్నట్టు లెక్క! అది కొయ్య అయితే ధననష్టమట, ఎముక అయితే పశువులకు పీడ, రోగభయమట. కొయ్య కూడా శల్యమేనన్నది ఇక్కడ గమనించాలి. తెలుగుకు వచ్చేసరికి మిగతావన్నీ రాలిపోయి ఎముక ఒక్కటే నిలిచింది. అందుకే మనవాళ్ళు చిక్కి శల్యమవుతారు, శల్యావశిష్టులవుతారు. నేల తవ్వి, మట్టి జల్లించి, ఏ మూల ఏముందో వెతికే ఆ పనినుంచే, దేన్నైనా లోతుగా శోధించడం అనే అర్థంలో, శల్యపరీక్ష అనే జాతీయం పుట్టిందని నా ఊహ. రుజువు అడిగితే శాసనమేదీ చూపలేను.

ఇంత చక్కని మాట చేతిలో ఉండగా మన పత్రికలు బడ్జెట్‌కు ‘పోస్ట్‌మార్టం’ చేస్తున్నాయి. శవాన్ని కోసే మాట, బతికున్న బడ్జెట్‌కు ఎందుకు? ‘ఆహారపు అలవాట్లు’ కూడా అలాంటి దిగుమతే. ‘ఏం తినేవారో తేల్చారు’ అంటే ఎవరికి అర్థం కాదు?

పునరుక్తి అంటారా, నూనె సంగతి చూడండి. నువ్వుల నెయ్యి నూనె. అలాగైతే ‘నువ్వుల నూనె’ అన్నప్పుడు నువ్వులు రెండుసార్లు వచ్చాయి. వేరుశనగ నూనెలో లేని నువ్వులు ఉన్నాయి. ఎవరూ గిన్నె పక్కకు తొయ్యరు కదా! జాతీయం అరిగిపోయాక లోపలి ఎముక కనిపించదు.

ఈ వార్తలో మాత్రం అది కనిపిస్తుంది, నిజంగానే ఎముకను పరీక్షిస్తున్నారు కనుక. మా మనవరాలు బడి పని కోసం కోడి కాలి ఎముకను వెనిగర్‌లో వేసి వారం రోజులు వంటింటి గట్టు మీద పెట్టింది. తీసి చూస్తే అది రబ్బరులా వంగింది. సున్నం కరిగిపోగా మిగిలిన ఆ సాగే పదార్థం కొల్లాజెన్. గ్రీకులో దీని అర్థం ‘జిగురు పుట్టించేది’. బృహత్సంహితలోనే వజ్రలేపం అనే బంక తయారీ ఉంది. అందులో ఒక రకానికి పశువుల కొమ్ములూ తోళ్ళూ ఉడకబెట్టమంటాడు. దధీచి ఎముకలతో వజ్రాయుధం చేశారన్న కథకూ దీనికీ ముడిపెట్టాలని చెయ్యి లాగుతోంది కానీ, ఆపుకుంటున్నాను.

శాస్త్రజ్ఞులు చేసేదీ మనవరాలు చేసినదే. పలచని ఆమ్లంలో సున్నం కరిగించి, కొల్లాజెన్ తీసి, కాల్చి, వచ్చిన వాయువులో బరువు కర్బనం ఎంతో, తేలిక కర్బనం ఎంతో కొలుస్తారు. ఒకే మూలకంలో ఇలా బరువు తేడా ఉన్న పరమాణువులను ఐసోటోపులు అంటారు. మూలకాల పట్టికలో ‘ఒకే చోటివి’ అనే అర్థంలో ఈ పేరు 1913లో వచ్చింది. మన పాఠ్యపుస్తకాలు ‘సమస్థానీయాలు’ అని చక్కగా పెడితే పలికే నాథుడు లేడు. వరి, గోధుమ, పప్పుధాన్యాలు గాలిలోని కర్బనాన్ని ఒక దారిలో తీసుకుంటాయి. జొన్న, సజ్జ, కొర్ర, రాగి, వరిగ, చెరకు మరో దారిలో తీసుకుంటాయి. రెండో జట్టులో బరువు కర్బనం వాటా ఎక్కువ. తేడా వెయ్యికి 14 వంతుల దాకా ఉంటుంది. తిన్నవాడి ఎముకలో ఆ తేడా నిలిచిపోతుంది. న్యూయార్క్ రాష్ట్రంలో దొరికిన పాత ఎముకల్లో వోగెల్, వాన్ డెర్ మెర్వె అనే శాస్త్రజ్ఞులు 1977లో, రెండో జట్టుకే చెందిన మొక్కజొన్న రాకను పట్టుకున్నది ఇలాగే. నత్రజని కొలిస్తే మాంసం, చేపల లెక్క తేలుతుంది. తిండి గొలుసులో ఒక్కో మెట్టుకు బరువు నత్రజని వెయ్యికి 3 నుంచి 5 వంతులు పెరుగుతుంది. సముద్రంలో మెట్లు ఎక్కువ కనుక చేపలు తిన్నవాళ్ళు ఇట్టే దొరికిపోతారు.

అంటే పెన్నా ఆయకట్టులో తరతరాలుగా వరి తిన్నవారి ఎముకా, కనిగిరి మెట్ట మీద జొన్నా సజ్జా తిన్నవారి ఎముకా ఒకేలా మాట్లాడవు. (నెల్లూరులోని ‘నెల్’ వరా, ఉసిరా అన్న తగవు మరోసారి.) అయితే ఈ సాక్షి కొంచెం తికమక మనిషి. ఒంగోలు ఆవు జొన్నచొప్ప నమిలి ఇచ్చిన పాలు తాగినా ఎముకలో జొన్న జాడే పడుతుంది. తిన్నది మాంసమో, తాగింది పాలో కూడా విడదీసి చెప్పదు. పైగా మన ఎండలకు, పాతిన ఎముకల్లో కొల్లాజెన్ త్వరగా చెడిపోతుంది.

కాబట్టి ‘ఎముకలకు శల్యపరీక్ష’ను నేను తప్పనను. నేనైతే ‘ఎముకలను పరీక్షించి’ అని రాసి ఊరుకుంటాను. చమత్కారం కోసమే రాశారని మీరంటే ఒప్పుకుంటాను. ఆ విలేఖరి అంత ఆలోచించి ఉంటారా అన్నదే నా అనుమానం.

అస్థికలు మాత్రం వద్దు. వాడుకలో అవి దహనం తర్వాత ఏరి తెచ్చేవి. బాగా కాలిన ఎముకలో ఆ జిగురు మిగలదు, అందులో జొన్నా వరీ వెతికే పనే ఉండదు.