రొయ్యకీ మీసాలే, క్యాట్‌ఫిష్‌కీ మీసాలే

ప్రశ్న: నమస్తే అండీ. నా దగ్గర 80 లీటర్ల ప్లాంటెడ్ ట్యాంక్ (మొక్కలు పెంచే అక్వేరియం) ఉంది, అందులో 25 దాకా చెర్రీ ష్రింప్, అంటే చిన్న రొయ్యలు, ఉండేవి. రెండు నెలల కింద రెండు పిక్టస్ క్యాట్‌ఫిష్ తెచ్చి వేశాను, అప్పుడు వేలెడంత ఉన్నాయి అంతే. పగలంతా ఒకే చెక్క కింద ష్రింప్ ఓ పక్క, క్యాట్‌ఫిష్ ఓ పక్క పడుంటాయి, ఒక్కసారి కూడా వెంటపడటం చూళ్లేదు. ఇప్పుడు లెక్కపెడితే ష్రింప్ 6 కూడా కనబడట్లేదు. చచ్చిపోయినవి ఒక్కటీ దొరకలేదు, తెల్లటి పెంకులు మాత్రం అక్కడక్కడా దొరికాయి. నీళ్లలో విషమయ్యే అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నానే. ఎక్కడికి పోతున్నాయి ఇవి? క్యాట్‌ఫిష్‌కి రాత్రి కడుపునిండా మేత పెడితే వీటి జోలికెళ్లకుండా ఉంటాయా?

జవాబు: పిక్టస్ కడుపులోకే పోతున్నాయండీ, ఇంకెక్కడికి పోతాయి.

ముందు ఆ పెంకుల సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది వాటిని చూసి శవాలనుకుని నీళ్లు మార్చేసి, మందులు పోసేసి ఇంకా చెడగొడతారు. ష్రింప్ పెరిగే కొద్దీ పాత పెంకు విడిచేస్తుంది, పెద్దవైతే సుమారుగా నెలకోసారి. విడిచిన పెంకు గాజులా ఉంటుంది, వీపు దగ్గర చీలి ఉంటుంది, లోపల ఏమీ ఉండదు. నిజంగా చచ్చినదైతే లోపల కండ ఉంటుంది, ఉడికించినట్టు మసకబారి గులాబీ రంగులోకి తిరుగుతుంది. కాబట్టి మీకు దొరికినవి పెంకులే, అవి విడిచినవి ఆ రోజుకి బతికే ఉన్నాయన్నమాట. కాకపోతే పెంకు విడిచాక ఒకటి రెండు రోజులు ష్రింప్ ఒళ్లు మెత్తగా ఉంటుంది, ఎక్కడో మూల నక్కి కూర్చుంటుంది, మీ పిక్టస్‌లు రాత్రంతా మూలమూలా వెతికే రకం, ఇంక చెప్పేదేముంది.

నీళ్లు బాగోక చచ్చి ఉంటే ఒకటో రెండో శవాలైనా దొరికేవి. మిగతా ష్రింప్ కూడా శవాన్ని పీక్కుతింటాయి, నిజమే, కానీ 20 దాకా ఆనవాలు లేకుండా మాయమవడం మింగేవాళ్ల పనే.

పగలు వెంటపడటం చూళ్లేదన్నారు కదా, అక్కడే అందరం బోల్తా పడతాం. లైట్ వేసి ఉన్నంతసేపూ క్యాట్‌ఫిష్ చెక్క కింద బుద్ధిమంతుడిలా ఉంటుంది, లైట్ ఆఫ్ అయ్యాకే దాని పొద్దు మొదలవుతుంది. దీనికి వేటాడ్డానికి కళ్లతో పెద్ద పని లేదు. మీసాల నిండా రుచి తెలిసే మొగ్గలుంటాయి, చానల్ క్యాట్‌ఫిష్‌కైతే ఒళ్లంతా కలిపి లక్షకి పైనే ఉంటాయని లెక్క, అంటే చేప మొత్తం ఒక నాలుక అనుకోండి. ష్రింప్ ఆకు కింద దాక్కున్నా దాని రుచి నీళ్లలో కలుస్తూనే ఉంటుంది. దొరికాక కొరకడం, చీల్చడం ఏమీ ఉండదు, నోరు ఒక్కసారిగా తెరిస్తే నీళ్లు లోపలికి దూసుకెళ్తాయి, ష్రింప్ ఆ నీళ్లతో పాటే పోతుంది. అందుకే ముక్కలూ దొరకవు.

రొయ్యకి లేవా బారెడు మీసాలు అని ఎటకారంగా అంటాం కదా, ఇక్కడ రెండింటికీ బారెడు మీసాలే, తేడా అల్లా ఎవరి నోరు పెద్దదన్నదే.

నేను మాత్రం తక్కువ తిన్నానా, ఇదే తప్పు చేశాను. చెర్రీలైతే చిన్నవి, అమానో ష్రింప్ అయితే 4, 5 సెంటీమీటర్లు ఉంటాయి కదా, మింగలేదులే అనుకుని ఐదింటిని పిక్టస్ ట్యాంక్‌లో వేశాను. మూడో రోజుకి రెండు లేవు. ఆ రాత్రి టార్చ్‌కి ఎర్ర కాగితం చుట్టి ట్యాంక్ ముందు కూర్చున్నా. పిక్టస్ అడుగున ఇసుక మీద మీసాలు చాచి అటూ ఇటూ ఊడ్చుకుంటూ వస్తోంది, ఒక మీసం కొస ష్రింప్ యాంటెన్నాకి అలా తగిలింది, ష్రింప్ తోక కొట్టి వెనక్కి ఎగిరింది, వెనక ఫిల్టర్ పైపు ఉంది, తగిలి ఆగింది. అంతే. నోట్లోంచి తోక సగం బయటికి కనబడుతూ పిక్టస్ ఒక రెండు నిమిషాలు అలాగే తిరిగింది, తర్వాత అది కూడా లోపలికి పోయింది. దాని కడుపు చూడాలి, గోళీ మింగినట్టు ఉబ్బింది. అప్పటికి సాయంత్రం మేత తిని రెండు గంటలు కూడా కాలేదు, కాబట్టి మీ రెండో ప్రశ్నకి జవాబు అందులోనే ఉంది. ఎదురొచ్చిన ష్రింప్‌ని వదిలేయడానికి కడుపు నిండి ఉంటే సరిపోదు. పైగా రోజూ ఎక్కువ మేత వేస్తే మిగిలింది కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, దానికి ముందు బలయ్యేది మళ్లీ ఆ ష్రింపే.

పిక్టస్ ఇంకా పెరుగుతాయి, 11, 12 సెంటీమీటర్లు దాకా. ఊరికే ఈదుతూ ఉండే చేప, గుంపుగా ఉంటేనే హాయిగా ఉంటుంది, 80 లీటర్లు దానికి జైలే, కనీసం 200 లీటర్ల పైన చూడండి. మీరు చేయాల్సింది విడదీయడమే. నా మాట వింటే ష్రింప్‌ని అక్కడే ఉంచి పిక్టస్‌ని మార్చండి, నాచులో మీకు కనబడని పిల్లలు కొన్నైనా ఉండి ఉంటాయి, కొన్ని ఆడవి మిగిలినా చాలు, ఒక్కొక్కటి 20, 30 గుడ్లు పొట్ట కింద మోస్తుంది, కొన్ని నెలల్లో మళ్లీ నిండుతుంది. పిక్టస్‌ని వలతో మాత్రం పట్టకండి, రెక్కల దగ్గరి ముళ్లు వలలో ఇరుక్కుంటాయి, విడిపించబోతే మీ వేలికీ గుచ్చుకుంటాయి, బాగా మండుతుంది. ప్లాస్టిక్ డబ్బాలోకి మెల్లగా తోలండి.

ప్రశ్న: క్యాట్‌ఫిష్ అంటే పిచ్చి ఇష్టం, ష్రింప్ కూడా వదలలేను. రెండూ కలిపి పెట్టుకునే దారే లేదా?

జవాబు: ఉందండీ, క్యాట్‌ఫిష్‌లన్నీ ఒకటి కాదు. ఆటోసింక్లస్ వేసుకోండి, 4, 5 సెంటీమీటర్ల చేప, పాకుడు గీక్కుని తింటుంది, ష్రింప్ పిల్లల్ని కూడా పట్టించుకోదు. పిగ్మీ కోరీ కూడా మంచిదే, నోరు చాలా చిన్నది. మామూలు కోరీలు పెద్ద ష్రింప్‌తో బాగానే ఉంటాయి, కానీ అప్పుడే పుట్టిన పిల్లలు ఒకటి రెండు మిల్లీమీటర్లే కదా, ఇసుకలో వెతుక్కుంటూ నోటికి తగిలితే తినేస్తాయి. నాచు దట్టంగా ఉంటే ఆ నష్టం తెలియదు. బ్రిసిల్‌నోజ్ ప్లెకో ముఖ్యంగా పాకుడు, చెక్క గీక్కునే రకం, తినదు గానీ అది దారికడ్డం వచ్చినదాన్నల్లా తోసుకుంటూ పోతుంది.

తలకిందులుగా ఈదే సైనోడాంటిస్ చూడముచ్చటగా ఉంటుంది, ష్రింప్ ఉన్నచోట వద్దు. రెడ్ టెయిల్, టైగర్ షవల్‌నోజ్ అయితే ష్రింప్ సంగతి దేవుడెరుగు, రెడ్ టెయిల్ మీటరు దాటి పెరుగుతుంది, ఇంట్లో ట్యాంక్‌లో పెట్టే చేపే కాదు అది, అంగుళాల్లో ఉన్నప్పుడు ముద్దుగా ఉందని తెచ్చుకుని తర్వాత తల పట్టుకుంటారు.

ప్రశ్న: వేటాడే క్యాట్‌ఫిష్‌తో పెద్ద ష్రింప్ వేస్తే? బాంబూ ష్రింప్ అయినా, పొడుగు చేతుల రొయ్య అయినా?

జవాబు: బాంబూ ష్రింప్ 8 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మామూలు పిక్టస్ దాన్ని మింగలేదు. కానీ దానికి పోట్లాడే పట్టకారులు లేవు, విసనకర్రల్లాంటి చేతులు చాచి ప్రవాహంలో కొట్టుకొచ్చే తిండి పట్టుకుంటుంది అంతే, పెంకు విడిచిన రోజు ఎవరు గిల్లినా ఏమీ చేయలేదు. పొడుగు చేతుల మాక్రోబ్రాకియం రకాలకొస్తే కథ తిరగబడుతుంది, రాత్రి నిద్రపోతున్న చిన్న చేపల్ని అవే పట్టుకుంటాయి. రెండు వేటగాళ్లని ఒక డబ్బాలో పెట్టి ఎవరు గెలుస్తారో చూడటం నాకైతే నచ్చదు.

ప్రశ్న: క్యాట్‌ఫిష్‌కి తెల్ల మచ్చలొచ్చాయి, ట్యాంక్‌లో ష్రింప్ ఉన్నాయి. మందు వేయొచ్చా?

జవాబు: సీసా మీద కాపర్ (రాగి) అని ఉందేమో ముందు చూడండి, ఉంటే ఆ ట్యాంక్‌లో చుక్క కూడా పోయకండి, ష్రింప్ తట్టుకోలేవు. పొలుసులు లేని క్యాట్‌ఫిష్‌లకి కూడా మందులు తొందరగా ఎక్కువవుతాయి. చేపని వేరే ట్యాంక్‌లోకి మార్చి అక్కడే వైద్యం చేయండి, ఆ ట్యాంక్‌కి వాడిన వల, పైపు మళ్లీ దీంట్లో ముంచకండి.