‘ఆక్సీకరణ ఒత్తిడి’ సరైన మాటేనా?

సందేహం: ‘ఆక్సీకరణ ఒత్తిడి వల్ల రోగనిరోధక కణాల సంకేతాలు దెబ్బతింటాయి’ అని పాఠంలో రాసుకున్నాను. ‘ఒత్తిడి’కి బదులు ‘పీడనం’ అనాలని తోటి అధ్యాపకులు అంటున్నారు. ఏది సరి?
– ఒక జీవశాస్త్ర అధ్యాపకుడు, మిర్యాలగూడ

సమాధానం: ‘ఒత్తిడి’యే సరి. పీడనమనే మాట భౌతికశాస్త్రంలో ప్రమాణ వైశాల్యం మీద లంబంగా పనిచేసే బలానికి స్థిరపడింది; ఇక్కడ కణాన్ని నొక్కే బలమేదీ లేదు. జర్మన్ జీవరసాయన శాస్త్రవేత్త హెల్మట్ సీస్ 1985లో ఈ భావనను నిర్వచించినప్పుడు, ఆక్సీకరణ కారకాలకూ వాటిని అడ్డుకునే పదార్థాలకూ మధ్య తూకం తప్పి మొదటివాటి వైపు మొగ్గడమనే అర్థం చెప్పారు. పని ఒత్తిడి, చదువుల ఒత్తిడి అన్నప్పుడు మనం ఉద్దేశించేదీ తట్టుకోగల మేర దాటడమే కదా. సంస్కృత పదం పక్కన తెలుగు పదం చేరిందన్న శంక కూడా అక్కరలేదు. ‘రక్తపోటు’ అలా ఏర్పడిన మాటే.

ఆక్సీకరణం అనగానే పిల్లలు తడబడితే బాయి గిరకకు పట్టిన జంగును చూపించండి. పాలమూరు, నల్లగొండ పల్లెల్లో తుప్పును జంగు అనే అంటారు. గాలిలోని ఆక్సిజన్, తేమ తగిలి ఇనుము ఎర్రటి పొడిగా రాలడం ఆక్సీకరణమే. అయితే ఆ పోలికను అక్కడితో ఆపాలి. గిరకకు జంగు పడితే చెడిపోవడమే, కణంలో జరిగేది మాత్రం ప్రతిసారీ చెడిపోవడం కాదు.

అందుకే నా అభ్యంతరమంతా మీ వాక్యంలోని ‘దెబ్బతింటాయి’ అనే క్రియ మీద. న్యూట్రోఫిల్లు అనే తెల్ల రక్తకణాలు సూక్ష్మజీవిని మింగినప్పుడు ఎన్ఏడీపీహెచ్ ఆక్సిడేజ్ అనే ఎంజైముతో ఆక్సీకరణ కారకాలను తామే తయారుచేసుకుంటాయి; పుట్టుకతో ఆ ఎంజైము లోపించినవారిని బాక్టీరియా, శిలీంధ్రాల జబ్బులు మళ్లీమళ్లీ పట్టి పీడిస్తాయి. సూక్ష్మజీవులను మింగే మరో రకమైన స్థూలభక్షక కణాల్లో, శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా నుంచి వెలువడే ఆక్సీకరణ కారకాలు వాపును పెంచే సంకేతాలను రేపుతాయి. టి కణాలనే మరో రకం తెల్ల రక్తకణాల సంగతి ఇంకా సున్నితం. కణం పైనున్న గ్రాహకానికి (సంకేతాన్ని అందుకునే ప్రోటీన్‌కు) ప్రతిజనకం, అంటే రోగనిరోధక కణాలు గుర్తించే పదార్థం, తగిలినప్పుడు కొద్దిగా పుట్టే హైడ్రోజన్ పెరాక్సైడ్, సంకేతాన్ని చల్లార్చే ఫాస్ఫటేజ్ ఎంజైములను కాసేపు నిలిపి ఆ సంకేతాన్ని సాగనిస్తుంది. అదే ఎక్కువై ఎక్కువకాలం నిలిస్తే గ్రాహకంలో సంకేతాన్ని కణం లోపలికి అందించే జీటా గొలుసు అనే భాగం తగ్గి కణం సరిగా స్పందించదు. రేపడం, సాగడం, మందగించడం అని మూడు క్రియలు తెలుగులో సిద్ధంగా ఉండగా అన్నిటికీ ఒక్క ‘దెబ్బతినడం’ వాడితే విద్యార్థికి విషయం తప్పుగా అర్థమవుతుంది.

మరొకటి: సంకేతం వస్తువు, అది ఒకచోటి నుంచి మరోచోటికి చేరడం పని. మీరు చెప్పదలచుకున్నది పని గురించి కనుక ‘సంకేత ప్రసారం’ అనండి. వాక్యాన్ని ఇలా మార్చుకోవచ్చు: ‘ఆక్సీకరణ ఒత్తిడి వల్ల రోగనిరోధక కణాల్లో సంకేత ప్రసారం మారుతుంది, ఏ కణంలో, ఎంత మోతాదులో అన్నదాన్ని బట్టి అది పెరగనూవచ్చు, మందగించనూవచ్చు.’