టెక్ సందేహాలు: పాత ఫైల్లో ఇంటర్నెట్ రసీదు

ప్రశ్న: మాది నెల్లూరులో ఓ కాలేజీ. సావనీర్ కోసం పాత ఫైళ్లు తిరగేస్తుంటే 1996 నాటి వీఎస్ఎన్ఎల్ (విదేశ్ సంచార్ నిగమ్) ఇంటర్నెట్ రసీదు కనిపించింది. ‘స్లిప్/పీపీపీ, 250 గంటలు, 9.6 కేబీపీఎస్, రూ.15,000’ అని ఉంది. దాంతోపాటు ఓ ఎస్టీడీ (వేరే ఊళ్లకు చేసే ఫోన్ కాల్స్) రిజిస్టరు, నిండా 044 కాల్సే, అన్నీ అర్ధరాత్రివే. అంత డబ్బు ఎందుకు పోశారు? చౌకగా దొరికేది కాదా? బీరువాలో మోడెమ్, నాలుగు ఫ్లాపీలు కూడా ఉన్నాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ రిజిస్టరు జాగ్రత్త చేయండి. రసీదు కన్నా అసలు కథ అందులోనే ఉంది.

వీఎస్ఎన్ఎల్ 1995 ఆగస్టు 15న ఇంటర్నెట్‌ను జనానికి అందుబాటులోకి తెచ్చింది, అదీ ముందు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసుల్లో. మీకు దగ్గరిది మద్రాసు, 044 దాని కోడే. అప్పట్లో నెట్ ఫోను లైను మీదే వచ్చేది. అంటే నెట్ ఆన్ చేసిన ప్రతిసారీ మద్రాసుకు ఎస్టీడీ కాల్ చేసినట్టే, తెరిచి ఉన్నంతసేపూ మీటరు తిరుగుతూనే ఉంటుంది. బాగా పొద్దుపోయాక ఎస్టీడీకి పావు ఛార్జీ పడేది. అందుకే అర్ధరాత్రి కాల్స్. మీ కాలేజీ డబ్బు మిగల్చడానికి ఎవరో నిద్ర మానుకున్నారన్నమాట.

15 వేలను 250 గంటలతో భాగిస్తే గంటకు 60 రూపాయలు. ఏడాదికి సర్దుకుంటే రోజుకు 41 నిమిషాలు. ఆ స్పీడులో ఒక ఎంబీ ఫొటో దిగాలంటే, లైను తెగకపోతే, దాదాపు పావుగంట. ఒక్క ఫొటోకి 15 రూపాయలు, ఎస్టీడీ వేరే! లైను తెగకపోవడం కూడా మన చేతుల్లో ఉండేది కాదు. పక్క గదిలో ఎవరైనా అదే లైనుకున్న ప్యారలల్ ఫోను ఎత్తి ‘హలో’ అన్నారంటే మళ్లీ మొదటికి. ఆ టెన్షన్ నేనూ పడ్డాను. అందుకే తెలిసినవాళ్లు ఉత్తరాలన్నీ ముందే టైపు చేసి పెట్టుకుని, కనెక్ట్ అయి, పంపేసి, వెంటనే కట్ చేసేవారు.

చౌకది లేకపోలేదు. వ్యక్తులకు 5,000 రూపాయల షెల్ ఖాతా ఉండేది. నల్ల తెర మీద అక్షరాలే, బొమ్మలు రావు. పనంతా వీఎస్ఎన్ఎల్ కంప్యూటరే చేసేది, మీ పీసీ ఒట్టి టెర్మినల్, అంటే తెర, కీబోర్డు మాత్రమే. మీ రసీదులోని స్లిప్/పీపీపీ ఖాతాలో మీ పీసీకే ఐపీ అడ్రస్ (నెట్‌లో దాని చిరునామా) వచ్చేది కాబట్టి నెట్‌స్కేప్ బ్రౌజర్‌లో బొమ్మలతో సహా పేజీలు కనిపించేవి. ఉత్తరాలకే అయితే షెల్ సరిపోయేదని నా అభిప్రాయం. కానీ పిల్లలకు చూపించాలనుకునే కాలేజీ బొమ్మలు వద్దనుకుంటుందా?

మిగతా దారులు మీలాంటివారికి అంత సులువుగా దొరికేవి కావు. 1986లో మొదలైన ఎర్నెట్ (విద్యా, పరిశోధన సంస్థల నెట్‌వర్క్) ముందు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్సీ లాంటి పెద్ద సంస్థలకే వెళ్లింది. నిక్‌నెట్ ప్రభుత్వ ఆఫీసులది. సాఫ్ట్‌వేర్ ఎగుమతి కంపెనీలకు ఎస్‌టీపీఐ (సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థ) ఉండేది. ప్రైవేటు ఐఎస్పీలకు (ఇంటర్నెట్ అందించే కంపెనీలకు) తలుపులు తెరిచింది 1998 నవంబరులో.

ఇక మోడెమ్, అంటే పీసీని ఫోను లైనుకు కలిపే పెట్టె. ఇప్పుడు ఫైబర్, మొబైల్ నెట్ ఉన్నాయి కాబట్టి దానికి పని లేదు, సావనీర్‌కు ఫొటో తీయండి. ఫ్లాపీల్లో మాత్రం పాత మెయిల్స్ దొరకొచ్చు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవ్ ఆన్‌లైన్‌లో కొనుక్కోవచ్చు. ‘.ఎంబీఎక్స్’ అని ముగిసే ఫైళ్లుంటే నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి, యుడోరా (అప్పటి మెయిల్ సాఫ్ట్‌వేర్) మెయిల్ అయితే చదవగలుగుతారు. ఫ్లాపీ పెట్టేముందు దాని మూల ఉన్న చిన్న ట్యాబ్‌ను రంధ్రం కనిపించేలా జరపండి. అప్పుడు పొరపాటున కూడా ఏదీ చెరిగిపోదు.