మీటరు పెట్టకుండా వైరు కలపకు బిడ్డా

బిడ్డా,

రాత్రి అక్క ఫోన్ చేసింది. నువ్వు హైదరాబాద్‌లో ఎవరింట్లోనో పాత వార్ఫ్‌డేల్ లింటన్ స్పీకర్లు కొన్నావని, ఇప్పుడు వాటికి ఆంప్లిఫయర్ వెతుకుతున్నావని చెప్పింది. మా ఇంటి ఆడపిల్ల మహబూబ్‌నగర్‌లో కూర్చొని ఓమ్‌లు, వాట్లు లెక్కపెడుతోందంటే ఛాతీ ఉబ్బింది. అంతలోనే నీ కొడుకు కళ్లముందు మెదిలాడు. పాకే పిల్లవాడు, ఏ వైరు కనిపించినా పట్టి గుంజే వయసు. ఇక నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే ‘సరే మామా’ అని మర్చిపోతావు. కాగితమైతే స్పీకర్ పక్కనే పెట్టుకుంటావని రాస్తున్నాను.

నువ్వు అక్కకు పంపిన ఫోటోలు చూశాను. మంచి సరుకే కొన్నావు. గిల్బర్ట్ బ్రిగ్స్ అనే ఆయన 1932లో ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో ఇంట్లోనే స్పీకర్లు చేయడం మొదలుపెట్టి నిలబెట్టిన కంపెనీ అది. మొదటి లింటన్ 1965లో వచ్చింది. ఇవి పగిలితే అంగట్లో దొరికేవి కావు. ఆంప్ పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. అందుకే స్పీకర్‌ను చూసి ఆంప్‌ను తెచ్చుకోవాలి గానీ, చేతికి దొరికిన ఆంప్‌ను తెచ్చి స్పీకర్ మెడకు కట్టకూడదు.

ఫోటోలో పెట్టె వెనక 4-8 ఓమ్స్ అని ఉంది చూడు. ముందు అది పట్టించుకో. ఓమ్ అంటే కరెంటుకు స్పీకర్ పెట్టే అడ్డు. ఓమ్ ఎంత తగ్గితే స్పీకర్ ఆంప్ నుంచి అంత ఎక్కువ కరెంటు లాగుతుంది. పైగా అది ఒక్క అంకె మీద నిలబడదు, స్వరం మారేకొద్దీ పైకీ కిందికీ పోతుంది. వైర్లు విప్పి మల్టీమీటరు పెట్టినప్పుడు 6 దగ్గర చూపిస్తే అది 8 ఓమ్స్ పెట్టె, మూడున్నర చూపిస్తే 4 ఓమ్స్. ఏదైనా సరే, 4 ఓమ్స్ లోడును నిబ్బరంగా మోసే ఆంప్ అయితేనే కొను.

వాట్ల దగ్గర మోసపోకు. వాట్లు రెండింతలు చేస్తే పెరిగే శబ్దం 3 డెసిబెల్స్ మాత్రమే. 40 వాట్లకూ 80 వాట్లకూ నీ హాల్లో తేడా కొంచెమే వినిపిస్తుంది. శబ్దం నిజంగా రెట్టింపైనట్టు వినిపించాలంటే పది రెట్లు వాట్లు కావాలి. మామూలుగా పాటలు వినేటప్పుడు స్పీకర్ తినేది ఒకటి రెండు వాట్లు. 1978లో వచ్చిన నాడ్ 3020 అనే ఆంప్‌కు రాసింది 20 వాట్లే. గట్టి కరెంటు ఇస్తుంది కాబట్టి ఇన్నేళ్లయినా దాన్ని వెతుక్కొని కొంటున్నారు. డబ్బా మీద పీఎంపీఓ అని వేలల్లో అంకె కనిపిస్తే అక్కడే పెట్టేసి రా. అది అమ్మకానికి ఊదిన అంకె. ఆర్‌ఎంఎస్ అని రాసినదే, అంటే ఆగకుండా ఇవ్వగలిగినదే లెక్క. నీకు 30 నుంచి 50 వాట్లు చాలు.

మరీ చిన్నది కూడా వద్దు. పది వాట్ల దాన్ని చివరిదాకా తిప్పితే అలలు పైన తెగిపోయి గరగర మొదలవుతుంది. ఆ గరగర ముందుగా కాల్చేది ట్వీటర్‌ను, అంటే సన్న స్వరాలు పలికే చిన్న స్పీకర్‌ను. పెద్ద ఆంప్ కన్నా గొంతు చించుకునే చిన్న ఆంప్‌కే ట్వీటర్లు ఎక్కువగా పోవడం నేను షాపులో చూశాను.

నువ్వు చూస్తున్నావని అక్క చెప్పిన మూడు ఆంప్‌ల సంగతి. మీ ఆయన స్నేహితుడు ఇస్తానన్న హోమ్ థియేటర్ రిసీవర్ వెనక ‘6 ఓమ్స్ కనిష్ఠం’ అని ఉంటే తీసుకోకు. జపాన్ నుంచి వచ్చిన పాత ఆంప్ మంచిదే కావచ్చు, కానీ అక్కడి కరెంటు 100 వోల్టులు. మన 230లో నేరుగా పెడితే ఒక్క క్షణంలో పోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా దాని ప్లగ్గును గోడ దగ్గరికి కూడా తీసుకుపోవద్దు. ఇక ఆ చిన్న క్లాస్-డి డబ్బా. దాన్ని చులకన చేయను, బాగానే పాడతాయి. అయితే వాటిలో చాలావాటికి నల్ల టెర్మినల్ ఎర్త్ కాదు. రెండు నల్ల వైర్లు ఒకదానికొకటి కలపకూడదు, బాడీకి అసలే తగలకూడదు. నన్నడిగితే స్పీకర్ ప్రొటెక్షన్ రిలే ఉన్న ఇంటిగ్రేటెడ్ ఆంప్ ఒకటి తీసుకో. ఆంప్ చెడి పాటకు బదులు ఒకే వైపు పారే కరెంటు, అదే డీసీ, వస్తే స్పీకర్‌ను విడదీసే స్విచ్ అది. ఆన్ చేశాక మూడు నాలుగు సెకన్లకు లోపల ‘టక్’ మంటుంది. కొనేచోట చెవి పెట్టి ఆ చప్పుడు విను.

ఆ టక్ కోసం ఎందుకింత పట్టుపడుతున్నానో నీకు ఎవరూ చెప్పి ఉండరు.

1987లో, నీ తొట్టెల నాడు. నల్లగొండలో మా ఇంటి ముందు పందిరి వేశాం. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, గడియారం సెంటర్ దగ్గర రేడియో షాపులో పని. సొంతంగా ఆంప్లిఫయర్ తయారు చేశానని ఊరంతా చెప్పుకున్నాను. చానెల్‌కు ఒక 2ఎన్3055, ఒక ఎంజే2955 ట్రాన్సిస్టర్, ప్లస్ మైనస్ 28 వోల్టుల సప్లై. ఎనిమిది ఓమ్స్‌కు లెక్క కట్టి చేసింది. మీ బాపు బడిపంతులు జీతంలో మిగిల్చి కొనుక్కున్న రెండు స్పీకర్లను సూర్యాపేట నుంచి బస్సు టాప్ మీద గోనెసంచులు చుట్టి తెచ్చాడు. దారిపొడుగునా, నకిరేకల్ దగ్గరా బస్సు ఆగినప్పుడల్లా దిగి తాళ్లు చూసుకున్నాడట.

లోపల ఆ రెండూ చక్కగా పాడుతున్నాయి. వీధిలో ఉన్నవాళ్లకు వినిపించడం లేదని ఎవరో అన్నారు. షాపు నుంచి ఇంకో రెండు పెట్టెలు తెచ్చి వాటి వైర్లనే వీటికి కలిపాను. ఎనిమిదికి ఎనిమిది పక్కన కలిపితే నాలుగవుతుందని నాకు తెలుసు. తెలిసీ కలిపాను. పావుగంటకు ఫ్యూజు పోయింది. వేరేది వేశాను. అదీ పోయింది. జేబులో ఇంకో ఫ్యూజు లేదు, జనం చూస్తున్నారు. వైరు ముక్క ఒలిచి రాగి పోగులు మెలితిప్పి ఫ్యూజు స్థానంలో పెట్టేశాను.

పాట మళ్లీ వచ్చింది. అందరూ మెచ్చుకున్నారు. ట్రాన్సిస్టర్ల వేడి లాగే హీట్‌సింక్ రేకు మీద చేయి పెడితే చురుక్కుమంది. పెట్టిన చేయి తీశాను తప్ప స్విచ్ ఆపలేదు.

తర్వాత ఎడమ పెట్టెలో ‘ధబ్’ మంది. బరువైన స్వరాలు పలికే పెద్ద స్పీకర్, అదే వూఫర్, దాని గరాటులాంటి కోన్ ముందుకు తోసుకొచ్చి అక్కడే బిగుసుకుపోయింది. వణకడం లేదు, పాట లేదు, గుయ్యిమని ఒకటే మోత. ట్రాన్సిస్టర్ షార్ట్ అయితే సప్లైలోని డీసీ మొత్తం నేరుగా కోన్ వెనకున్న తీగచుట్ట, అంటే కాయిల్ మీదికి పోతుంది. ఆరు ఓమ్స్ తీగ మీద 28 వోల్టులంటే దాదాపు నాలుగున్నర ఆంపియర్లు, 130 వాట్ల వేడి. నేను తీసేసిన ఫ్యూజు రెండు ఆంపియర్లది. అది ఉంటే కాయిల్ కాలేలోపే తెగేది. కాలిన లక్క వాసన, కోన్ మధ్యలోంచి సన్నని పొగ. ఆ పెట్టెకు మూరెడు దూరంలో నీ తొట్టెల. దాని చీర అంచు స్పీకర్ గుడ్డకు తగులుతోంది.

మీ బాపు పరుగున వచ్చి ముందు నిన్ను ఎత్తుకున్నాడు. నేను ప్లగ్గు పీకాను. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. భుజాన నిన్ను వేసుకొని, ‘ఏం కాలేదు, అన్నం తిను’ అన్నాడు. తిట్టినా బాగుండేది. ఆ కాయిల్ కోఠీలో చుట్టించి తెచ్చాను గానీ వూఫర్ మునుపటిలా పాడలేదు, తిప్పితే గీరుకునేది. చివరికి ఆయన దాన్ని విప్పేసి, ఒక్క పెట్టెతోనే పాటలు విన్నాడు. చిన్నప్పుడు ‘మన ఇంట్లో ఒక్కటే ఎందుకు మామా’ అని నన్నే అడిగావు. నేను మాట మార్చాను.

కాబట్టి ఇది కచ్చితంగా చెయ్. ఆంప్ రాగానే స్పీకర్ కలపకు. వాల్యూమ్ సున్నాలో పెట్టి ఆన్ చెయ్, రిలే పడనివ్వు. మీటరును డీసీ మిల్లీవోల్టుల్లో పెట్టి ఎడమ చానెల్ ఎరుపు, నలుపు టెర్మినళ్ల మధ్య చూడు. తర్వాత కుడి. 50 మిల్లీవోల్టుల లోపు ఉంటే నిశ్చింత. 100 దాటితే ఆపి నాకు ఫోన్ చెయ్, అర్ధరాత్రయినా సరే. పది నిమిషాలు వేడెక్కాక మళ్లీ చూడు. క్లాస్-డి అయినా ఈ రెండు టెర్మినళ్ల మధ్యే కొలవాలి, బాడీకి పెట్టి కాదు. ఎవరైనా వాడిన ఆంప్ అయితే మొదటిసారి దానికి కరెంటు వచ్చే వైరు మధ్యలో, అంటే సిరీస్‌లో, 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బు పెట్టి ఆన్ చెయ్. బల్బు ఒకసారి మెరిసి మసకబారితే మంచిది, వెలుగుతూనే ఉంటే లోపల షార్ట్ ఉన్నట్టు. ఫ్యూజు పోతే అదే ఆంపియర్ ఫ్యూజు వెయ్. మళ్లీ పోయిందంటే పాటలు ఆ రోజుకు ఆపెయ్.

స్పీకర్ల సంగతి రెండు ముక్కల్లో. కోన్ అంచును వేలితో మెల్లగా తాకి చూడు, ఫోమ్ అయి పొడిగా రాలితే వాయించకుండా నా దగ్గరికి తే. కోన్‌ను రెండు వైపులా సమంగా నొక్కినప్పుడు గీరుకోకూడదు. ఒకటిన్నర వోల్టు బ్యాటరీ ప్లస్ ఎర్ర టెర్మినల్‌కు, మైనస్ నల్లదానికి ఒక్క క్షణం తాకిస్తే కోన్ బయటికి రావాలి, రెండు పెట్టెలూ అలాగే రావాలి. లోపలి పాత కెపాసిటర్ల సంగతి నేను చూస్తాను, నువ్వు విప్పకు. వైర్లు గోడ వెంట బిగించు, పిల్లవాడికి అందకుండా.

నిన్ను భయపెడుతున్నానని అనుకోకు. బాపు పోయి నాలుగేళ్లయింది, మళ్లీ మన ఇంట్లో రెండు పెట్టెలు పాడతాయంటే నాకెంత సంతోషమో అక్షరాల్లో పెట్టలేను. ఆయన మిగిల్చిన ఆ మంచి పెట్టె నా దగ్గరే ఉంది, నెలకోసారి వాయిస్తాను. వచ్చే ఆదివారం పిల్లవాణ్ని తీసుకొని నల్లగొండ రా. ఆంప్ ఒక్కటే తే, స్పీకర్లు ఇంట్లోనే ఉండనీ. నా దగ్గర ఎనిమిది ఓమ్స్ రెసిస్టర్లు ఉన్నాయి, ముందు వాటి మీద గంటసేపు నడిపి చూద్దాం. మీ అత్తమ్మ సర్వపిండి చేస్తానంటోంది. నీ మీటరు కూడా వెంట తెచ్చుకో, నా దాంట్లో తొమ్మిది వోల్టుల బ్యాటరీ అయిపోయింది.

మీ మామ